సాక్స్ ఆర్డర్‌కి స్పెక్ షీట్: ఏళ్ల తరబడి వాడాక

సొంత డిజైన్ సాక్స్ చేయించేటప్పుడు ఫ్యాక్టరీకి పంపే స్పెక్ షీట్‌లో (కొలతలు, రంగులు, నూలు వివరాలు రాసే కాగితం) నిజంగా పని చేసేది లోగో ఫైలు కాదు, దాని పక్కన పెట్టే గళ్ల బొమ్మ. అది పంపకపోతే అక్కడి డిజైనర్ తన ఊహ కొద్దీ గీసేస్తాడు.

168 సూదుల అల్లిక మెషీన్ అంటే సాక్ చుట్టూ 168 లూపులు, అంటే అల్లిక కుట్లు. ముందువైపు కనిపించేవి 84. ఒక్కో గడి ఒక్కో లూపు. చిక్కేమిటంటే, లూపుకి ఎత్తు కన్నా వెడల్పు ఎక్కువ. చదరపు గళ్లలో గుండ్రంగా గీసిన లోగో సాక్ మీద పడుకోబెట్టిన కోడిగుడ్డులా వస్తుంది. అందుకని ముందే సూదులెన్నో, సెంటీమీటరుకు వరసలెన్నో అడిగి, ఆ నిష్పత్తిలోనే గళ్లు గీయాలి. ఒక లూపు మందం గీత తెర మీద ముచ్చటగానే ఉంటుంది, కాలికి తొడిగితే కనబడదు. రెండు లూపులైనా ఉండాలి. మడమను చాలా మెషీన్లు సగం సూదులతో అటూ ఇటూ అల్లుతాయి కాబట్టి అక్కడ బొమ్మ ఆశించొద్దు.

రంగుకి పాంటోన్ టీసీఎక్స్ నంబరు (బట్టల కోసం వాడే రంగు కోడ్) రాయండి. కాగితం ప్రింటుకి వాడే నంబరు నూలుకి సరిగ్గా కుదరదు. నల్ల సాక్ మీద తెల్ల లోగో అయితే, సాగినప్పుడు నలుపు తొంగిచూస్తుంది. బల్ల మీద పరిచి తీసిన శాంపిల్ ఫొటోలో ఇది తెలియదు, కాలి అచ్చుకి తొడిగిన ఫొటో అడగాలి. శాంపిల్ చేతికొచ్చాక ముందు లోపలివైపు తిప్పి చూడండి. వేళ్ల దగ్గర పొడుగ్గా వేలాడే దారాలుంటే తొడిగిన ప్రతిసారీ వేలు చిక్కుకుంటుంది.

ఈ షీట్‌లో నాకు అస్సలు నచ్చనిది ‘ఫ్రీ సైజు’ అనే గడి. కొట్టేసి, పాదం పొడవు, పైభాగం ఎత్తు, రిబ్ (పైన సాగే పట్టీ) పూర్తిగా సాగినప్పటి వెడల్పు సెంటీమీటర్లలో రాయండి, ఎంత తేడా ఒప్పుకుంటారో కూడా. ‘నూటికి నూరు కాటన్’ అన్నది కూడా అంతే, రెండు ఉతుకులకు జారిపోతుంది. రోజువారీ సాక్‌కి 75–80 శాతం కాటన్, 15–20 నైలాన్, మిగతాది ఎలాస్టేన్ (సాగే దారం) సరిపోతుంది. వేళ్ల దగ్గర గట్టు తగలకూడదంటే హ్యాండ్ లింకింగ్ (వేళ్ల దగ్గర లూపుకి లూపు కలిపి మూయడం) అని రాయాలి, ఖర్చు కాస్త పెరుగుతుంది.

శాంపిల్ కనీసం రెండు జతలు తెప్పించండి: ఒకటి సరుకుతో పోల్చడానికి అలాగే దాచాలి, రెండోది ఐదుసార్లు ఉతికి, ఆరాక మళ్లీ కొలవాలి.