హార్లెమ్: గదికి 148 యూరోలు, గడియారాలాయన ఇంటికి టికెట్టే లేదు

ఆమ్‌స్టర్‌డామ్‌లో గదుల రేట్లు చూసి మా ఆయన పావుగంట రైలు దూరంలోని హార్లెమ్‌లో బుక్ చేశారు. రాత్రికి 148 యూరోలు. మేం చేరేసరికి పదకొండు, చెకిన్ మూడింటికి, బయట వాన. అత్తయ్యగారిని కాసేపు లోపల కూర్చోనివ్వమంటే కౌంటర్‌లో కుర్రాడు తలెత్తకుండానే కుదరదన్నాడు. బ్యాగులు పెట్టుకుంటే మాత్రం ఒక్కోదానికి 5 యూరోలట! సాయంత్రం టూరిస్ట్ ట్యాక్స్ అని ఇంకో 13 లాగారు. గది మూడో అంతస్తులో, లిఫ్ట్ లేదు. ఈ సంగతులేవీ బుకింగ్ పేజీలో లేవు. ఆ పూటంతా మా ఆయన మొహం మాడ్చుకునే ఉన్నారు.

అలా తడుస్తూనే వెళ్లాం, బార్టెల్‌యోరిస్‌స్ట్రాట్ అనే వీధిలోని 19వ నంబరు ఇంటికి. ఇప్పుడది మ్యూజియం. రెండో ప్రపంచ యుద్ధంలో, నాజీ జర్మన్ల ఆక్రమణ కాలంలో గడియారాలు బాగుచేసే కాస్పర్ టెన్ బూమ్, కూతుళ్లు బెట్సీ, కోరీ యూదులను దాచింది ఇక్కడే. కోరీ పడకగదిలో దొంగ గోడ కట్టించి, వెనక రెండున్నర అడుగుల సందు వదిలారు. దారి బట్టల అల్మరా అడుగు అరలోంచి, పాక్కుంటూ పోవాలి. లోపలికి కనపడేలా ఇప్పుడు గోడకు రంధ్రం చేసి ఉంచారు. "ఇందులో నా బియ్యం డ్రమ్ము కూడా పట్టదే" అన్నారు అత్తయ్యగారు.

1944 ఫిబ్రవరి 28న ఒక డచ్చివాడే పట్టిచ్చాడు. గెస్టపో, అంటే నాజీల రహస్య పోలీసులు, ఇల్లంతా గాలించినా ఆ గోడ దొరకలేదు. వెనకున్న ఆరుగురు, నలుగురు యూదులు, ఇద్దరు ప్రతిఘటన ఉద్యమం వాళ్లు, దాదాపు రెండు రోజులు చప్పుడు చేయకుండా నిలబడి బతికిపోయారు. ఇంటివాళ్లు మాత్రం జైలుపాలయ్యారు. 84 ఏళ్ల కాస్పర్ పది రోజులకే చనిపోయాడు. ముసలివాడని వదిలేస్తామంటే, ఇంటికెళ్తే సాయమడిగి తలుపు తట్టిన వాళ్లకి మళ్లీ తీస్తానన్నాడట. బెట్సీ అదే డిసెంబరులో జర్మనీలోని రావెన్స్‌బ్రూక్ నాజీ నిర్బంధ క్యాంపులో పోయింది. కోరీ బతికి బయటపడింది.

ఇల్లు చూపిస్తూ ఇదంతా గంటసేపు ఓపిగ్గా చెప్పిన పెద్దావిడ స్వచ్ఛందంగా పనిచేస్తారట. టికెట్ లేదు, విరాళాల డబ్బా ఉంది. మా ఆయన 20 యూరోలు వేశారు. అత్తయ్యగారికది ఆనలేదు, "ఆ లాడ్జి వాడికి సంచులు కాపలా కాసినందుకే పదిహేను పోశావు కదరా" అని ఇంకో పది వేయించారు.

మర్నాడు కాలువలో పడవ ఎక్కాం, పర్వాలేదు. ఈ ఇంటికి మాత్రం ముందే ఆన్‌లైన్‌లో స్లాట్ పట్టుకోండి, ఇంగ్లిష్ టూర్లు త్వరగా నిండిపోతాయి. ఆది, సోమవారాలు సెలవు. మెట్లు బాగా ఇరుకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకుని వెళ్లండి. బస ఆమ్‌స్టర్‌డామ్‌లోనే చూసుకోండి. ట్యాక్స్ కలిపారో లేదో మెయిల్‌లో రాయించుకున్నాకే డబ్బు కట్టండి.