జనక్‌పుర్‌కు రైల్లో, ఖాట్మండుకు జీపులో

విశాఖ రేవులో సరకు క్లియరింగ్ పనిలో ఉండగా, 2017 నుంచి నా బల్ల మీది కాగితాల్లో ఒక కొత్త ఊరి పేరు కనిపించసాగింది. బీర్‌గంజ్, నేపాల్. సముద్రం లేని ఆ దేశానికి అంతకుముందు కోల్‌కతా రేవే ప్రధాన దిక్కు. హుగ్లీ నదిలో లోతు చాలదు కనుక పెద్ద ఓడలు నేరుగా అక్కడికి వెళ్లలేవు. అందుకే దూరం దాదాపు రెట్టింపైనా కంటైనర్లు మన దగ్గర దిగి, రైలెక్కి బీర్‌గంజ్ చేరడం మొదలైంది. ఉద్యోగం నుంచి దిగిపోయాక ఆ ఊరు చూసి వద్దామన్నాను. "గూడ్సు బండ్లు ఆగే ఊరిని చూడటానికి ఎవరైనా అంత దూరం వెళ్తారా?" అంది మా ఆవిడ. దారిలో సీతమ్మ పుట్టిల్లు జనక్‌పుర్ ఉందని చెప్పాక పెట్టె సర్దింది.

హౌరా దాకా ఒక రైలు, సియాల్దా నుంచి గంగాసాగర్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ప్రయాణం, తెల్లవారాక బిహార్‌లోని జయనగర్. (హైదరాబాద్ వాళ్లకు రక్సౌల్ దాకా నేరుగా వారానికొక రైలుంది.) జయనగర్‌లో మన స్టేషన్ పక్కనే నేపాల్ రైలుకు వేరే స్టేషన్. ఈ రైల్లో భారతీయులకు, నేపాలీలకు తప్ప ఇతర దేశస్థులకు చోటు లేదు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ దగ్గర ఉంచుకోండి. ఆధార్‌నే నమ్ముకుని బయలుదేరవద్దు.

రైలు చెన్నై పెరంబూరు ఫ్యాక్టరీలో తయారైన డీజిల్ బండి. చూడగానే మన విజయనగరం వైపు తిరిగే పాసింజరు గుర్తొచ్చింది. 1937లో, నేపాల్‌ను రాణా వంశపు ప్రధానమంత్రులు ఏలే కాలంలో, అడవి కలప తరలించడానికి ఇక్కడ నారోగేజ్ లైను వేశారు. అది 2014లో ఆగిపోయింది. భారత్ ఇచ్చిన నిధులతో బ్రాడ్‌గేజ్‌గా మార్చాక 2022 ఏప్రిల్ 2న కుర్థా దాకా మళ్లీ బండి కదిలింది, మరుసటి ఏడాది బిజల్‌పురా దాకా సాగింది. మూడు కిలోమీటర్లు దాటామో లేదో సరిహద్దు వెనకబడింది. వరి మళ్లు, మఖానా పండే చెరువులు, మామిడి తోపులు అటూ ఇటూ ఒకేలా ఉన్నాయి, భాష కూడా అదే మైథిలి. ఇనర్వా, ఖజురీ, మహినాథ్‌పుర్ దాటాక వచ్చిన స్టేషన్ బోర్డు చూసి మా ఆవిడ ఒక్కసారిగా లేచి నిలబడింది. ఊరి పేరు వైదేహి.

జనక్‌పుర్‌లో రెండు రాత్రులు ఉన్నాం. మొదటి రాత్రి గుడికి దగ్గరని తీసుకున్న బసలో గది బాగానే ఉంది గానీ, తెల్లవారుజాము నాలుగింటికే మైకులో మొదలైన భజన నేరుగా దిండు కిందికి వచ్చింది. వేడినీళ్లు అడిగితే, "ఎండ వచ్చాక" అన్నారు. రెండో రోజు స్టేషన్ వైపున్న మరో లాడ్జికి మారాం. అద్దె కాస్త ఎక్కువైనా నిద్ర పట్టింది. వయసు మళ్లినవాళ్లు అటువైపే వెతుక్కోవడం మేలు. భోజనానికి భయం లేదు. పొద్దున పెరుగూ అటుకులూ బెల్లం, మధ్యాహ్నం అన్నం పప్పు. ఆవపిండి ఘాటుతో చేపల పులుసు కూడా దొరుకుతుంది, తినేవాళ్లకు. నూరు భారత రూపాయలకు నూట అరవై నేపాలీ రూపాయలు. వంద నోట్లుంటే లెక్క సులువు.

జానకీ మందిరం దాదాపు నూట పదిహేనేళ్ల కిందటి కట్టడం, టికమ్‌గఢ్ రాణి కట్టించింది. తొమ్మిది లక్షలు ఖర్చయిందట, అందుకే నౌలఖా అంటారు. మన గోపురాలకు అలవాటు పడ్డ కంటికి ఆ తెల్లని రాజపుత్ర గుమ్మటాలు కోటలా కనిపిస్తాయి. పక్కనే పెళ్లి మండపం. మనం చైత్ర నవమినాడు భద్రాద్రిలో చేసే కళ్యాణం ఇక్కడ మార్గశిర శుద్ధ పంచమినాడు చేస్తారు. "ఆడపెళ్లివారి లెక్కే సరైనది అయ్యుంటుంది" అని మా ఆవిడ తీర్పు.

నా మనసు మాత్రం బిజల్‌పురా తరవాతి పట్టాల మీద ఉంది. లైను బర్దిబాస్ దాకా వెళ్లాలి. మొత్తం దాదాపు 69 కిలోమీటర్లలో చివరి పదిహేడూ భూసేకరణ చిక్కుల్లో వెనకబడ్డాయి. బీర్‌గంజ్ బస్సు బర్దిబాస్ మీదుగానే వెళ్తుంది కనుక టీ కోసం ఆగినప్పుడు అటూ ఇటూ చూశాను. తూర్పు పడమరల హైవే మీద లారీలు బారులు తీరి ఉన్నాయి. ఆ సరకు అందుకునే రైలు పట్టా ఆ చివర పొలాల్లోనే ఆగిపోయింది. ఇక్కడ కొండ లేదు, సొరంగం లేదు. నేల చదును. సర్వే గొలుసుకు లొంగే నేల, రైతు సంతకానికి లొంగలేదు.

బీర్‌గంజ్‌ను యాత్రాస్థలంగా ఎవరికీ సిఫారసు చేయను. దుమ్ము, హారన్లు, దోమలు. ఒక్క రాత్రి చాలు. నాకైతే సిర్సియా డ్రైపోర్టు (ఓడల్లో వచ్చిన కంటైనర్లు దిగే మెట్ట రేవు) కంచె పక్కన గంటసేపు నిలబడటమే పండగ. రక్సౌల్ నుంచి వచ్చే బ్రాడ్‌గేజ్ లైను అక్కడ ఆగుతుంది. అందరూ మరిచే విషయమేమిటంటే, నేపాల్ కొనేది చాలా ఎక్కువ, అమ్మేది తక్కువ. వ్యాగన్లు నిండుగా లోపలికి వచ్చి, చాలామటుకు ఖాళీగా తిరిగి వెళ్తాయి. ఖాళీ వ్యాగన్ లాగినా డీజిల్ ఖర్చే. రేవు పనిలో బతికినవాడికి ఏ కొత్త లైను గురించి విన్నా ముందు ఈ లెక్కే తోస్తుంది.

అక్కడి నుంచి సుమో జీపులో హెటౌడా, కులేఖాని మీదుగా ఖాట్మండు. దారిలో అమ్లేఖ్‌గంజ్ వస్తుంది. 1927లో రక్సౌల్ నుంచి ఇక్కడిదాకా నేపాల్ తొలి రైలు నడిచింది. రోడ్డు పడ్డాక, 1960లలో మూతపడింది. ఇప్పుడు అదే ఊరికి మోతీహారి నుంచి పెట్రోలు గొట్టం వచ్చింది, 2019లో. హెటౌడా నుంచి రాజధానికి ఒకప్పుడు 42 కిలోమీటర్ల సరకు రోప్‌వే కూడా ఉండేది. అదీ పోయింది. అంతకుముందు భీమ్‌ఫేదీ దగ్గర మోటారు కార్లను కూలీలు భుజాల మీద కొండ దాటించేవారు. మా జీపు డ్రైవరు మలుపుల్లో ఫోను మాట్లాడుతుంటే, ఆ కూలీల చేతుల్లోనే క్షేమంగా ఉండేవాళ్లమేమో అనిపించింది.

ఈ కొండల్లో రక్సౌల్–ఖాట్మండు రైలు గురించి 2018లో రెండు ప్రభుత్వాలు ఒప్పుకున్నాయి. కొంకణ్ రైల్వే సర్వే చేసింది. సుమారు 136–140 కిలోమీటర్ల దారిలో నలభైకి పైగా కిలోమీటర్లు సొరంగాలే. నూరు మీటర్ల లోపు ఎత్తున్న రక్సౌల్ నుంచి 1,300 మీటర్ల పైకి ఎక్కాలి. అరకు వెళ్లే లైను మనకు తెలిసినదే, శిమిలిగుడ దగ్గర 996 మీటర్లు. కానీ ఆ లైనుకు బైలదిల్లా ఇనుప ఖనిజం ఉంది, నిండు గూడ్సు బండ్లు దిగువకు జారి వస్తాయి. ఇక్కడ బరువు ఎక్కాలి, ఖాళీ దిగాలి. ఉత్తరాన చైనా వైపు కేరుంగ్ నుంచి ప్రతిపాదించిన 72 కిలోమీటర్ల దారైతే దాదాపు అంతా సొరంగాలూ వంతెనలే. పైగా వారి గేజ్, అంటే పట్టాల మధ్య దూరం, 1,435 మిల్లీమీటర్లు, మనది 1,676. రెండూ కలిసిన చోట ప్రతి కంటైనర్‌నూ దించి ఎక్కించాలి. అయినా 2015లో బీర్‌గంజ్ సరిహద్దు నెలల తరబడి మూతపడినప్పుడు గ్యాసు లేక కట్టెపొయ్యి వెలిగించుకున్నవాళ్లకు రెండో గుమ్మం కావాలనిపించడం తప్పెలా అవుతుంది?

ఖాట్మండులో పాటన్ వైపు ఒక కుటుంబం నడిపే బస మొత్తం ప్రయాణంలో మాకు బాగా నచ్చింది. అంతస్తులెక్కడం కష్టమే గానీ మేడ మీద నుంచి కొండలు కనిపించాయి, కాచిన పాలు అడగకుండానే వచ్చేవి. చివరి రోజు చోభార్ వెళ్లాం. రక్సౌల్ నుంచి రైలు చేరవలసిన చోటది. డ్రైపోర్టు మాత్రం 2022లోనే తెరిచేశారు. గేటు దగ్గర కాపలాదారుణ్ణి, రైలు ఎటు నుంచి వస్తుందని అడిగాను. అతను నవ్వి, మేం వచ్చిన జీపు దారి వైపే చెయ్యి చూపించాడు. లోపల ఒక లారీ మీది పెట్టె నంబరు మసకగా కనిపిస్తోంది. కళ్లజోడు తుడుచుకుని చదవబోయేసరికి బండి కదిలిపోయింది. మా ఆవిడ అప్పటికే పశుపతినాథ్‌కు టాక్సీ బేరమాడుతోంది.