ధర కోసం మేలుకున్న రాత్రి, ఒక సీసాలో

గుంటూరు బ్రాడీపేటలో, ఒక పాత ఇంటి మేడగదిలో ఒకావిడ సొంతంగా సెంట్లు తయారుచేస్తారు. మల్లె, గులాబీ అని కాదు. ఒక సందర్భాన్ని తీసుకుని దానికి వాసన కడతారు. ఆవిడను కలవడానికే ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచి రెండు రోజులు వెళ్ళొచ్చాను.

బస విజయవాడలో పెట్టుకున్నాను. దుర్గమ్మ దర్శనం, సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద గాలి, రెండూ బాగున్నాయి. గదే బాగాలేదు. "వచ్చే రోజు సెంటు, తలనూనె ఏవీ రాసుకోకండి" అని ఆవిడ ముందే చెప్పారు. హోటల్‌వాళ్ళేమో గదంతా నిమ్మ వాసన స్ప్రే కొట్టి ఉంచారు. కిటికీ తెరుచుకోదు. గది మార్చమంటే గంటన్నర కూర్చోబెట్టారు, మార్చిన గదిలోనూ అదే వాసన. ఈ పని మీద వెళ్ళేవాళ్ళు గుంటూరులోనే, గాలి వచ్చే మామూలు లాడ్జి చూసుకోవడం మేలు. పొద్దున్నే గంటసేపు బస్సు ప్రయాణమూ తప్పుతుంది.

"ముందు మిర్చి యార్డు చూసి రండమ్మా, సీసా తర్వాత" అన్నారావిడ. వెళ్ళేటప్పుడు ముక్కుకు మందపాటి గుడ్డ తప్పనిసరి, చేతులతో కళ్ళు నులుముకోవద్దు. ఎటు చూసినా టిక్కీలు, అంటే మిర్చి నింపిన గోనె బస్తాలు, ఎర్రటి దుమ్ము. పది నిమిషాలకే దగ్గు తెరలు. తేజ, సన్నం రకాల కాయలు చేతిలో పోసి చూపించారు రైతులు.

మేడగదికి మెట్లు నిటారుగా ఉంటాయి, లోపల ఇద్దరికి మించి చోటు లేదు. కానీ ఆవిడ తొందరపెట్టరు. ముందు ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో చేసే మట్టి అత్తరు వాసన చూపించారు. ఎండు మట్టిని ఉడికించి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి దింపుతారట. ఆ తర్వాత తన సెంటు అద్దిన ఒక కాగితపు ముక్క చేతిలో పెట్టారు. రైతు యార్డులో తన టిక్కీల మీద పడుకుని పొద్దుటి ధర కోసం ఎదురుచూసే రాత్రి అది.

"ఇందులో మిరప ఘాటు ఏదండీ?" అన్నాను.

"ఘాటుకు వాసన లేదమ్మా. అది మంట. ఆ మంట పుట్టించే క్యాప్సైసిన్ ఆవిరై ముక్కుకు అందే రకం కాదు. దుమ్ముతో గొంతులోకి పోతేనే దగ్గిస్తుంది."

అందుకే ఘాటును వదిలేసి దాని చుట్టూ ఉన్నవాటిని పట్టుకున్నారు: గోనెసంచి, ఆరిన తొడిమలు, బీడీ పొగ, అడుగున వట్టివేళ్ళు. పచ్చిమిరప వాసననిచ్చే పైరజీన్ మాత్రం సూదిమొనంతే వేశారు. కాస్త ఎక్కువైతే మిగతావన్నీ మునిగిపోతాయట.

అరగంట తర్వాత అదే కాగితం మళ్ళీ చూశాను. మా నాన్న తువ్వాలు. చిన్నప్పుడు కాయలు అమ్మి ఇంటికొచ్చాక దండెం మీద వేసే తువ్వాలు. కళ్ళు నిండాయి. అది జీలకర్ర నూనె అని, కొద్దిగా వేస్తే చెమట గుర్తొస్తుందని చెప్పి, నేను తేరుకునేదాకా ఆవిడ మౌనంగా కూర్చున్నారు.

10 మి.లీ. సీసా 1,800 రూపాయలు. పెళ్ళికో ఆఫీసుకో రాసుకునేది కాదు, అందుకని కొనకండి. నాకైతే ప్రతి రూపాయీ గిట్టింది.

ఇంటికొచ్చి నాన్నకు చూపించాను. చాలాసేపు వాసన చూసి, "అంతా ఉంది గానీ తాలుకాయల, ఆ రంగు పోయిన కాయల, వాసన లేదమ్మా" అన్నాడు. ఆవిడకు ఫోన్ చేసి చెబితే, ఒక గుప్పెడు తాలుకాయలు పంపమన్నారు.