ఆన్‌లైన్ టీచర్ శిక్షణలు: ఏళ్ల తరబడి చేశాక నా అభిప్రాయం

నేను ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్‌ని). 2020లో కేంద్ర ప్రభుత్వ టీచర్ శిక్షణ కార్యక్రమం నిష్ఠ, ఆన్‌లైన్ పాఠాల వేదిక దీక్షలోకి వచ్చినప్పటి నుంచి ఆన్‌లైన్ కోర్సులు చేస్తూనే ఉన్నాను. వాటిలో నాకు బాగా పనికొచ్చింది నిష్ఠ 3.0. చిన్న తరగతుల పిల్లలకి చదవడం, రాయడం, లెక్కలు వచ్చేలా చూసే జాతీయ కార్యక్రమం నిపుణ్ భారత్ మొదలైన 2021లోనే వచ్చిన కోర్సు ఇది. చదవడం, రాయడం, లెక్కల పునాదుల మీద 12 మాడ్యూళ్లు. తెలుగులో ఉండటం, యాప్‌లో డౌన్‌లోడ్ చేసుకుని నెట్ లేనిచోట కూడా చూసుకోగలగడం మాలాంటి వాళ్లకి పెద్ద సాయం.

కానీ శిక్షణ అంటే మాకు అసలు కావలసింది వేరే ఉంది. 52లోంచి 27 తీసెయ్యమంటే మూడో తరగతిలో చాలామంది 35 అని వేస్తారు. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచే 2 తీసేస్తారు. ఏటా చూస్తున్నదే. నేను చేసిన ఒక కోర్సులో తీసివేత మీద చాలాసేపు చెప్పారు. లక్ష్యాలు, అభ్యసన ఫలితాలు అన్నీ వచ్చాయి, ఈ 35 ఊసే రాలేదు. దారి చూపించింది కాంప్లెక్స్ మీటింగ్‌లో (చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే సమావేశం) ఒక సీనియర్ మేడం. "పదేసి పుల్లల కట్టలు ఐదు, విడి పుల్లలు రెండు పిల్లాడి చేతికిచ్చి, నాకు 27 ఇవ్వరా అని అడగండి. కట్ట వాడే విప్పుతాడు" అన్నారు. మా క్లాసులో ఒక పిల్లాడికి ఇస్తే నిజంగానే విప్పాడు. రెండు కట్టలు ఇచ్చి, విడి పుల్లలు చాలక కాసేపు నా మొహంలోకి చూసి, మూడో కట్టకున్న రబ్బరు బ్యాండు లాగేశాడు.

ఆ రెండు నిమిషాలు వీడియో తీసి పెడితే ఎంతమందికి ఉపయోగమో! ఒకే గదిలో రెండు మూడు తరగతులు కూర్చున్న బడిలో తీయాలి, అప్పుడే అది మా క్లాసులా ఉంటుంది.

క్విజ్‌లు పెట్టండి, వద్దనను. దానితోపాటు క్లాసులో ప్రయత్నించింది రాసి పంపితే చదివి జవాబిచ్చే మనిషి ఒకరుండాలి. జాతీయ విద్యా విధానం 2020 ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ అంటోంది. ఆ గంటలు బడి పనివేళల్లోనే దొరకాలి. రాత్రి వంట, పిల్లల హోంవర్కు అయ్యాక ఫోన్ పట్టుకుంటే, వాట్సాప్‌లో గడువు మెసేజ్‌ల టెన్షన్‌తో ఏం బుర్రకెక్కుతుంది?

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు నిష్ఠ 3.0 తప్పకుండా చూడండి. ఒక మాడ్యూలు చూశాక కొన్నాళ్లు క్లాసులో వాడి, తర్వాతే రెండోదానికి వెళ్లండి.