రొయ్య తలల పొడి: మూడు నెలలు ఆవులకు పెట్టి చూశాక

నాకు ఆరు ఆవులు. వాటిలో పాలిచ్చే నాలుగింటికి మూడు నెలలపాటు దాణాలో రొయ్య తలల పొడి కలిపి పెట్టాను. శుద్ధి కర్మాగారాల్లో రొయ్యలు ఒలిచాక మిగిలే తలలు, పొట్టు ఆరబెట్టి మరపట్టిన పొడి ఇది. రొయ్య బరువులో 40 నుంచి 50 శాతం ఇలా పక్కకు పోతుంది. ఎక్కడో గుట్టపోసి కుళ్లబెట్టే బదులు పశువుకు మేతగా మారితే ఎంత మేలు అనుకుని మొదలుపెట్టాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను. నా పేచీ అంతా సంచి మీద అచ్చువేసిన అంకెతో, అచ్చువేయని హెచ్చరికతోనే.

సంచి మీద మాంసకృత్తులు 42 శాతం అని ఉంది. పరీక్ష చేయిస్తే నిజంగానే 42 దగ్గర వచ్చింది. కానీ అదే పరీక్షలో, పొట్టుకు గట్టిదనాన్నిచ్చే కైటిన్ అనే పదార్థం 15 శాతం అని తేలింది. మాంసకృత్తులను నేరుగా కొలవరు. నత్రజనిని కొలిచి 6.25తో గుణిస్తారు. కైటిన్‌లోనూ దాదాపు 6.9 శాతం నత్రజని ఉంటుంది కాబట్టి, ప్రతి 100 గ్రాముల కైటిన్ 43 గ్రాముల మాంసకృత్తుల వేషంలో లెక్కలోకి చేరిపోతుంది. దాన్ని తీసేస్తే నా సంచిలో ఉన్నది 35 శాతం పైచిలుకు మాత్రమే. నెమరువేసే పశువు కడుపులోని సూక్ష్మజీవులు కైటిన్‌ను కొంతవరకు విడగొట్టగలవు, అదీ అలవాటు పడ్డాకే. 42ను నమ్మి నేను దాణాలో నూనెగింజల చెక్క ఎక్కువ తగ్గించాను. పూటకు అర లీటరు పాలు పడిపోయాయి. చెక్క మళ్లీ పెంచాక పాలు కోలుకున్నాయి. కైటిన్ ఎంతో విడిగా రాస్తే ఈ తిప్పలు ఉండవు.

మొదటి రోజు గుప్పెడు కలిపితే ఎర్రావు గాడిలో మూతి పెట్టి వెంటనే వెనక్కి తీసుకుంది. బెల్లం మడ్డి చల్లాక నాలుగో రోజుకు తినసాగింది. 50 గ్రాములతో మొదలుపెట్టి మూడు వారాలకు 400 గ్రాములకు చేర్చాను. రోజూ పెట్టే 5 కిలోల దాణాలో అంతకు మించనివ్వలేదు. పాలు పితికిన తర్వాతే పెట్టాలి. ముందు పెడితే ఆ నీచు పాలకు అంటుకోవచ్చు. మా అమ్మ ముక్కు చాలా చురుకైనది. ఆమె రోజూ పాలు వాసన చూసింది, ఒక్కసారీ తప్పు పట్టలేదు.

కాల్షియం 9 శాతం తేలింది. అందుకే దాణాలో సున్నపురాయి పొడి మానేశాను. చూడితో ఉన్న, పాలు మాన్పించిన రెండు ఆవులకు మాత్రం చెంచాడు కూడా పెట్టలేదు. ఈనడానికి ముందు వారాల్లో కాల్షియం ఎక్కువగా అందితే, ఎముకల్లోని నిల్వను వాడుకునే శక్తి మందగిస్తుంది. ఈనగానే రక్తంలో కాల్షియం పడిపోయి, పాలజ్వరం అనే జబ్బుతో ఆవు కూలబడే ప్రమాదం ఉంది. ఒక ప్రాణానికి సంబంధించిన ఈ హెచ్చరిక సంచి మీద ఒక్క ముక్క లేదు. నాకు బాగా కోపం తెప్పించింది ఇదే.

మూడో సంచి విప్పగానే అమ్మోనియా ఘాటు కళ్లకు తగిలింది. రొయ్య తలలో జీర్ణగ్రంథి ఉంటుంది. రొయ్య చావగానే అందులోని ఎంజైములు చుట్టూ ఉన్న కండను కరిగించడం మొదలుపెడతాయి. కొన్ని గంటల్లోనే ఉడికించి ఆరబెట్టకపోతే ఆ చెడును తర్వాతి ఎండ బాగుచేయలేదు. మంచి పొడి లేత నారింజ రంగులో, ఎండు రొయ్య వాసనతో ఉంటుంది. సంచి తిప్పి పంపితే మారుమాట లేకుండా మార్చి ఇచ్చారు. ఆ మర్యాదను మెచ్చుకుంటున్నాను.

గడ్డి తినే జీవికి ఇది పెట్టవచ్చా అని అడిగేవారి మాట తేలిగ్గా తీసుకోకూడదు. జంతువుల మాంసం, ఎముకల పొడి కలిపిన మేత ద్వారా వ్యాపించిన పిచ్చి ఆవు వ్యాధి అనుభవం తర్వాత ఐరోపా సమాఖ్య నెమరువేసే పశువులకు జంతు మాంసకృత్తులను నిషేధించింది. 2008లో చేపపొడికి సడలింపు ఇచ్చినా, అది పాలు మానని దూడలకు తల్లిపాలకు బదులు కలిపి తాగించే పొడి వరకే. మీరున్న చోట చట్టం ఏమంటుందో చూసుకున్నాకే కొనండి.

నాలుగో నెలకు మళ్లీ తెప్పిస్తున్నాను, ఆవుకు 300 గ్రాముల చొప్పున. ప్రతి సంచీ విప్పి వాసన చూసి, గుప్పెడు పొడి పరీక్షకు పంపాకే డబ్బు కడతానని అమ్మేవారికి ముందే చెప్పాను. ఒప్పుకున్నారు.