పంటి మీద తెల్లమచ్చలు: రెండున్నరేళ్ళ వైద్యం తర్వాత

క్లిప్పులు తీసేసిన రోజు అద్దంలో చూసుకుంటే పళ్ళు వరసగానే ఉన్నాయి గానీ, క్లిప్పు అంటించిన చోటల్లా చుట్టూ సున్నం పూసినట్టు తెల్లటి మచ్చలు. ముందు పళ్ళ మీదే ఆరు. మాది నల్లగొండ వైపు ఊరు కాబట్టి ఇంట్లో అందరం ఫ్లోరైడ్ మచ్చలే అనుకున్నాం.

డాక్టరు చూసి కాదన్నారు. ఫ్లోరైడ్ మచ్చలు చిన్నతనంలో, పన్ను ఇంకా చిగురు లోపల తయారవుతుండగానే పడతాయట. ఎడమ పన్ను మీద ఉంటే కుడివైపు దాని జత పన్ను మీదా ఉంటాయి. నావి పాచి పేరుకున్న చోట మాత్రమే ఉన్నాయి. అంటే పుచ్చడం మొదలైంది, గుంట ఇంకా పడలేదు. గాలి కొట్టి ఆరబెట్టి మళ్ళీ చూశారు. ఆరితేనే కనబడే మచ్చ పైపైది, తడి మీద కూడా కనబడితే లోతుది. నాకు రెండు రకాలూ ఉన్నాయి.

గుంట పడ్డాక ఫిల్లింగే గతి. ఎనామెల్‌లో, అంటే పంటి పై గట్టి పొరలో, ప్రాణమున్న కణాలు లేవు, కాబట్టి అది మళ్ళీ పెరగదు. గుంట పడకముందైతే పోయిన కాల్షియం, ఫాస్ఫేట్ ఉమ్ములోంచి తిరిగి లోపలికి చేరగలవు. అందుకు సాయంగా నాకు రెండు ఇచ్చారు.

ఒకటి ఫ్లోరైడ్ వార్నిష్. మొదటి ఏడాది మూడు నెలలకోసారి, తర్వాత ఆర్నెల్లకోసారి. అందులో 22,600 పీపీఎం (పది లక్షల్లో అన్ని వంతులు) ఫ్లోరైడ్ ఉంటుంది. మన దేశంలో మామూలు పేస్టుకు పరిమితి 1000. పూయడం ఐదు నిమిషాల పని. ఆ రోజంతా పళ్ళు పసుపుగా, జిగటగా ఉంటాయి, రాత్రి బ్రష్ చేయకూడదు. ఈ సంగతి అమ్మకు చెప్పి తప్పు చేశా. "గా ఫ్లోరైడ్ నీళ్ళు తాగే ఊళ్ళు వంగిపాయె. నువ్వు పైసలిచ్చి మరీ పూయించుకొచ్చినవా?" అంది. ఆమె భయం ఉత్తది కాదు. ఏళ్ళ తరబడి తాగిన నీళ్ళతో ఎముకల్లోకి చేరింది వేరు, పంటి మీద పూసిన చుక్క వేరు అని నచ్చజెప్పేసరికి రెండో వార్నిష్ కూడా అయిపోయింది.

రెండోది సీపీపీ-ఏసీపీ క్రీము. పాలలోని కేసీన్ ప్రొటీన్ నుంచి మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో తయారుచేసిన పదార్థం ఇది. పాలు పడనివాళ్ళు, అంటే పాల ప్రొటీన్‌తో ఎలర్జీ ఉన్నవాళ్ళు, దీని జోలికి పోకూడదు. రాత్రి బ్రష్ చేశాక వేలితో రాసి, మూడు నిమిషాలాగి, నాలుకతో అంతా పరిచి, ఉమ్మేసి పడుకోవాలి. పుక్కిలించకూడదు. రుచి బాగుంటుంది, ధరే బాగుండదు. 40 గ్రాముల ట్యూబు వెయ్యి రూపాయలకు అటూ ఇటూ. నాకు మూడు నెలలు వచ్చేది.

ఆరు నెలలకు చూస్తే పెద్దగా తేడా లేదు. అప్పుడు డాక్టరు అడిగింది క్రీము గురించి కాదు, రోజుకు ఎన్ని చాయ్‌లని. ఆఫీసులో ఆరు, అదీ ఒక్కో కప్పు అరగంట చప్పరిస్తూ. చక్కెర తగిలిన ప్రతిసారీ నోట్లో ఆమ్లం పెరుగుతుంది. పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత) సుమారు 5.5 కన్నా దిగితే ఎనామెల్ కరగడం మొదలు. అది సర్దుకునేలోపే నేను ఇంకో కప్పు పట్టుకునేవాణ్ణి. రాత్రి మూడు నిమిషాలు కట్టినదాన్ని పగలంతా కూల్చుకుంటున్నానన్నమాట. రెండు చాయ్‌లకు దిగాను, తాగాక నీళ్ళతో పుక్కిలింత. తలనొప్పితో వారం నరకం చూశా. నన్నడిగితే అసలు మందు ఇదే. డబ్బులు తక్కువుంటే ముందు క్రీము మానండి గానీ, ఫ్లోరైడ్ పేస్టు, ఈ కట్టడి మానొద్దు.

ఇప్పుడు ఆరింట్లో నాలుగు మచ్చలు, వెతికితే తప్ప కనబడవు. రెండు తెల్లగానే మిగిలాయి. అయితే అప్పట్లో సుద్దముక్కలా గరుగ్గా ఉన్నవి ఇప్పుడు నున్నగా మెరుస్తున్నాయి. నేను రంగు చూస్తే డాక్టరు మెరుపు చూస్తారు: మెరిస్తే పుచ్చు ఆగినట్టే. వెనక దవడపన్ను మాత్రం దక్కలేదు. దాని సందులో గుంట పడిపోయి ఉందని ఎక్స్‌రేలో తేలింది, ఫిల్లింగ్ చేయించుకున్నా.

మిగిలిన రెండు మచ్చల్లోకి రెసిన్ (ప్లాస్టిక్‌లాంటి పల్చటి ద్రవం) ఎక్కించి కనబడకుండా చేయొచ్చన్నారు. పెళ్ళి ఫోటోల దాకా ఆగుదామనుకుంటున్నా.