విల్లీస్ జీపు గేర్ బాక్సుకు 90 నంబరు ఆయిల్: ఏళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటి విల్లీస్ ఎంబీ జీపును ఏళ్ల తరబడి నడుపుతున్నాను. దాని గేర్ బాక్సులో నేను పోసేది జీఎల్-4 తరగతికి (ఒత్తిడిని తట్టుకునే తీరును బట్టి గేర్ ఆయిల్‌కు ఇచ్చే తరగతి) చెందిన 90 నంబరు మినరల్ గేర్ ఆయిల్. 90 అన్నది నూనె చిక్కదనం నంబరు. ఈ బండికి ఇంతకన్నా ఖరీదైన నూనె అక్కర్లేదు. ఇంతకన్నా ఘాటైనది పోయనే కూడదు.

ఇందులో ఉన్నది టీ-84 అనే మూడు గేర్ల బాక్సు. గేరు మార్చేటప్పుడు పళ్ల వేగాలు కలిపే సింక్రో రెండు, మూడు గేర్లకే ఉంటుంది, మొదటి గేరుకు ఉండదు. ఆ సింక్రో రింగులు ఇత్తడి జాతి లోహంతో చేసినవి. గేర్ ఆయిల్ అడిగితే దుకాణంలో చాలాసార్లు జీఎల్-5 డబ్బా చేతికిస్తారు. అందులో గంధకం, భాస్వరం ఉన్న రసాయనాల మోతాదు ఎక్కువ. డిఫరెన్షియల్‌లో (ఇరుసు మధ్య ఉండి చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) ఒకదానిపై ఒకటి జారుతూ తిరిగే హైపాయిడ్ పళ్ల మీద పడే ఒత్తిడికి అవి కావలసిందే, కానీ వాటిలో కొన్ని ఇత్తడిని మెల్లగా తినేస్తాయి. అందుకే నేను రెండు డబ్బాలు ఉంచుకుంటాను. గేర్ బాక్సుకు, ట్రాన్స్‌ఫర్ కేసుకు (గేర్ బాక్సు వెనుక ఉండి ముందు, వెనుక ఇరుసులకు శక్తిని పంచే పెట్టె) జీఎల్-4, ముందు వెనుక డిఫరెన్షియళ్లకు జీఎల్-5. మెకానిక్ దగ్గర వదిలినా డబ్బాలు మాత్రం నావే ఇస్తాను.

చలికాలం ఉదయం బండి తీసినప్పుడు కాసేపు లివరు బరువుగా కదులుతుంది. వేడెక్కాక ఆ ఇబ్బంది ఉండదు. మండు వేసవిలో దూరం నడిపినా మూడు నుంచి రెండుకు దించేటప్పుడు పళ్లు గీరుకున్న చప్పుడు రాదు. పాత నూనె దించినప్పుడు వేళ్ల మధ్య రుద్ది వెలుతురులో చూస్తాను. నల్లబడి ఉంటుంది, అది మామూలే. పసుపు రంగు మెరుపు కనిపిస్తే ఇత్తడి అరుగుతున్నట్టు, పాలలా తెల్లబడితే నీళ్లు చేరినట్టు. ఈ నూనెతో నాకు ఇప్పటివరకు ఆ మెరుపు కనిపించలేదు.

అసలు జాగ్రత్త పడవలసింది నూనె మట్టం దగ్గర. గేర్ బాక్సులో పట్టేది సుమారు 700 మిల్లీలీటర్లే. ఇందులో 200 తగ్గినా పావు వంతుకు మించి పోయినట్టు. ఆ తగ్గిన నూనె నేల మీదే పడాలని లేదు. గేర్ బాక్సు ప్రధాన షాఫ్టు వెనుక కొస నేరుగా ట్రాన్స్‌ఫర్ కేసులోకి వెళ్తుంది. మధ్యనున్న బేరింగ్ దగ్గర అడ్డు పాతబడిన బండిలో నూనె ఒక గదిలోంచి రెండో గదిలోకి పాకుతుంది. గేర్ బాక్సులో తగ్గిందని పోస్తూ పోతే ట్రాన్స్‌ఫర్ కేసు పొంగుతుంది. దాని వెనుకనే హ్యాండ్ బ్రేకు డ్రమ్ము ఉంది. సీలు దాటిన నూనె అక్కడి బ్రేకు లైనింగును తడిపేస్తుంది. హ్యాండ్ బ్రేకు పట్టడం లేదని కేబుల్ బిగించే చాలామంది ఈ నూనె సంగతి చూడరు. నా మాటగా ఒక్కటి గుర్తుంచుకోండి: గేర్ బాక్సు ప్లగ్గు విప్పిన ప్రతిసారీ ట్రాన్స్‌ఫర్ కేసు ప్లగ్గూ విప్పి చూడాలి. అక్కడ ఎక్కువైతే దించాలి. దాని పరిమాణం సుమారు 1.4 లీటర్లు.

చదునైన నేల మీద బండి నిలిపి, కాస్త నడిపిన తర్వాత కొంతసేపు ఆగి మట్టం చూడాలి. నూనె మార్చేటప్పుడైతే ముందుగా నూనె పోసే పై ప్లగ్గు ఊడుతుందో లేదో తేల్చుకున్నాకే కింది డ్రెయిన్ ప్లగ్గు మీద చెయ్యి వెయ్యండి. తుప్పుతో పై ప్లగ్గు రాకపోతే ఖాళీ గేర్ బాక్సుతో బండి అక్కడే ఉండిపోతుంది. పోసిన నూనె ఆ పై ప్లగ్గు రంధ్రం కింది అంచుకు వచ్చి, సన్నని ధారగా బయటికి జారి, ఆ ధార చుక్కలుగా మారేదాకా ఆగి ప్లగ్గు బిగించాలి. ఇంకొంచెం ఉంటే మంచిదని బండిని వాల్చి పోస్తే అది ముందు వైపు క్లచ్ మీదికి చేరుతుంది.

డబ్బా వంచి పోయడానికి కింద చోటు లేదు. చేతి పంపు, దానికి బారెడు పారదర్శకపు గొట్టం కొనుక్కోండి. గొట్టంలో నూనె కదలిక కనిపిస్తుంది కాబట్టి ఎంత పోశామో తెలుస్తుంది. నా పంపు వాషరు ఒకసారి మార్చాను, అది తప్ప ఖర్చు లేదు. పలుచని సింథటిక్ నూనెలు ఈ పాత సీళ్ల దగ్గర త్వరగా కారతాయి. ఆ డబ్బుతో మంచి సీళ్లు కొంటే జీపుకు ఎక్కువ మేలు.